బీర పందిట్లో నులితీగలు తుంచవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. ఎకరాలో బీర పందిరి వేసినాను. రాతి కూసాలు నాటి, పైన కమ్మి లాగినాము. తీగలు కూసాలను పట్టుకోకుండా ఆషాఢం గాలికి జారి కింద పడుతున్నాయి. కణుపుల దగ్గర మెలికలు తిరిగి వచ్చే సన్నని తీగలు బలం లాగేస్తాయని, వాటిని తుంచేస్తే కాపు పెరుగుతుందని మా ఊర్లో ఒకాయన చెప్పినాడు. కొన్ని సాళ్ళలో తుంచినాము. మిగతావి కూడా తుంచమంటారా? గట్టు మీద పెట్టిన చిక్కుడుకు అసలు ఆ తీగలే రాలేదు. అదేమన్నా జబ్బా?
– ఒక రైతు

జవాబు: మిగతా సాళ్ళలో ఆ పని ఈ రోజే ఆపించండి. మీరు తుంచుతున్నవి నులితీగలు. బీర, కాకర, సొర, దొండ పైకి ఎక్కేది వాటి సాయంతోనే. అవి వాడుకునే బలం చాలా తక్కువ, పైగా పచ్చగా ఉన్నంతకాలం కొంత ఆహారం అవే తయారుచేసుకుంటాయి. వాటిని తుంచినందువల్ల కాయకు కలిసొచ్చేదేమీ లేదు. తీగ కింద పడితే మాత్రం కాయ నేలకు ఆని వంకర పోతుంది, తడి తగిలి కుళ్ళుతుంది.

ఆ సలహా పాలీహౌస్ కీరా సాగు చూసి వచ్చి ఉండవచ్చు. అక్కడ ప్రతి మొక్కకూ పైనుంచి దారం కట్టి, క్లిప్పులతో నిలబెడతారు. నులితీగల అవసరం ఉండదు, ఉంటే ఆకులనూ పిందెలనూ చుట్టేస్తాయి. అందుకే తీసేస్తారు. ద్రాక్షలో కూడా గుత్తులను చుట్టుకునే వాటిని తీసేస్తుంటారు. అక్కడ అది సరైన పనే. గాలికి ఎదురుగా ఉన్న మీ పందిరికి అది పనికిరాదు.

లేత నులితీగ నిటారుగా సాగి, కొన దగ్గర కాస్త వంగి ఉంటుంది. గాలి లేకపోయినా నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ పట్టు కోసం వెతుకుతుంది. గరుకుగా ఏదైనా తగిలిందా, అటువైపు వంగి చుట్టుకోవడం మొదలుపెడుతుంది. ప్యాషన్ ఫ్రూట్ జాతికి చెందిన ఒక తీగలో నులితీగ కొనను చార్లెస్ డార్విన్ సన్నని పుల్లతో తాకి చూస్తే, అర నిమిషం అటూ ఇటూగా వంపు కనిపించింది. వాన చినుకులు పడితే మాత్రం వంగలేదు.

కొన పట్టు దొరికించుకున్నాక, కొనకూ కాండానికీ మధ్య ఉన్న భాగం స్ప్రింగులా చుట్టలు తిరిగి కురచవుతుంది. దాంతో తీగ మొత్తం పందిరి వైపు లాగబడుతుంది. రేపు పొలానికి పోయినప్పుడు ఒకదాన్ని దగ్గరగా చూడండి. చుట్టలు కొంతదూరం ఒకవైపు తిరిగి, మధ్యలో చిన్న వంపు, అక్కడినుంచి ఎదురువైపు తిరిగి ఉంటాయి. రెండు కొసలూ కదలకుండా ఉన్నప్పుడు అన్ని చుట్టలూ ఒకే వైపు తిరిగితే నులితీగ మెలిపడిపోతుంది. ఎదురు చుట్టలు ఆ మెలికను సరిచేస్తాయి. లోపల పట్టీలా ఉండే నార కణాలు ఒకవైపు ఎక్కువగా కుదించుకోవడం వల్ల ఈ చుట్టలు వస్తాయని 2012లో కీరా నులితీగల మీద జరిగిన పరిశోధనలో తేలింది.

గాలి వీచినప్పుడు ఆ చుట్టలు సాగుతాయి, తగ్గగానే ముడుచుకుంటాయి. డార్విన్ పెనుగాలి వేళ పనిగట్టుకొని కంచె దగ్గరికి పోయి, బీర కుటుంబానికే చెందిన బ్రయోనీ తీగను గమనించేవాడు. ఆ ఊపుకు అది తెగకుండా నిలిచింది నులితీగల చుట్టల వల్లే. ఆషాఢం గాలులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక మీ తీగలు ఎందుకు జారుతున్నాయంటే, రాతి కూసం నులితీగకు మరీ లావు. దాని చుట్టూ ఒక చుట్టు కూడా తిరగలేదు. పట్టు దొరకని నులితీగ కొద్దిరోజుల్లో ఊరికే ముడుచుకొని వాడిపోతుంది. పట్టు దొరికినది మందమై, గట్టిపడి, ఎండినా వదలదు. పై కమ్మి సన్ననిదే కాబట్టి అక్కడికి చేరితే ఇబ్బంది లేదు. నేల నుంచి కమ్మి దాకా ఉన్న ఖాళీయే మీ సమస్య. ప్రతి మొక్క పక్కన చిన్న పుల్ల నాటి, అక్కడినుంచి పై కమ్మికి పురికొస కట్టండి. నున్నటి ప్లాస్టిక్ దారం కన్నా గరుకు పురికొస మేలు. పైన కమ్ముల మధ్య ఎడం ఎక్కువుంటే అడ్డంగానూ పురికొస లాగండి.

తుంచిన సాళ్ళ గురించి మరీ టెన్షన్ పడకండి. తుంచిన చోట నులితీగ మళ్ళీ రాదు కానీ, పైన వచ్చే కొత్త కణుపుల్లో వస్తుంది. అంతవరకు కాండాన్ని పాత గుడ్డ పేలికతో పురికొసకు వదులుగా కట్టండి. పడిన తీగలను పొద్దున్నే ఎత్తితే పుటుక్కున విరుగుతాయి. మధ్యాహ్నం కాస్త వాడినప్పుడు ఎత్తించండి.

తుంచాల్సినవి వేరే ఉన్నాయి. తీగ పందిరి ఎత్తుకు చేరేదాకా కింద కణుపుల్లో పుట్టే పక్క కొమ్మలు తీసేయాలి. పందిరి మీదికి చేరాక తలకొన తుంచితే కొమ్మలు నలువైపులా పాకుతాయి. మొజాయిక్ లాంటి కొన్ని వైరస్ తెగుళ్ళు మొక్క రసంతో చేతుల మీదుగా, కత్తెర మీదుగా పాకుతాయి కాబట్టి, ఆకులు మచ్చలుగా, ముడతలుగా ఉన్న మొక్కలను ముట్టుకున్న చేతులతో మంచివాటి దగ్గరికి పోకూడదు. కాపు తక్కువగా ఉందనిపిస్తే సాయంత్రం మందు కొట్టడం మానుకోండి. బీర పూలు విచ్చేది సాయంత్రమే, పరాగాన్ని మోసే పురుగులు అప్పుడే వస్తాయి.

వచ్చే ఏడు పందిరికి పడమటి వైపు రెండు మూడు సాళ్ళు జొన్న ముందుగానే వేసుకోండి. గాలి ఉధృతి తగ్గుతుంది.

మీ చిక్కుడుకు జబ్బేమీ లేదు. దానికి నులితీగలు ఉండవు, కాండమే చుట్టుకుంటూ ఎక్కుతుంది. కడప దగ్గర చెన్నూరు వైపు పండించే తమలపాకు తీగ ఇంకో రకం, కణుపుల దగ్గర పుట్టే వేళ్ళతో అంటుకొని పాకుతుంది. చిక్కుడుకు పురికొసలు, వలలు అక్కర్లేదు. పాదు పక్కన బెరడు తీయని కట్టె ఒకటి నిలువుగా నాటి, మొదట్లో తీగ కొనను దానికి ఆనించండి.