యూకేజీ టీచర్ నుంచి టీచర్ ట్రైనింగ్ లెక్చరర్‌గా మారాలంటే ఉద్యోగం మానేసి పీహెచ్‌డీ చేయాలా?

ఎనిమిదేళ్లుగా ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెబుతున్నారు, ఈమధ్యే ఎం.ఎడ్. అయింది, ఇప్పుడు ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరితే టీచర్ ట్రైనింగ్‌లో స్థిరపడొచ్చా, జీతం ఎలా ఉంటుంది అని మీ ప్రశ్న. నేను వచ్చిన దారి కూడా ఇదే. ఆరేళ్లు యూకేజీ, తర్వాత ఓ ప్రైవేటు డి.ఎడ్. కాలేజీ, అక్కడ పనిచేస్తూనే పీహెచ్‌డీ. నన్నడిగితే వెళ్లండి, కానీ పిల్లల గదిని మాత్రం అప్పుడే వదలకండి.

కాలేజీలో మొదటి ఏడాది, పిల్లల ఆలోచన వయసుతో ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే సిద్ధాంతాన్ని బోర్డు మీద నాలుగు దశలుగా రాసి చెప్పేదాన్ని. మా విద్యార్థులు గడగడా అప్పజెప్పేవాళ్లు. ఒకరోజు నాకే విసుగొచ్చి అందరినీ పక్కవీధి అంగన్‌వాడీకి తీసుకెళ్లాను. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంపాం. ఎందులో ఎక్కువున్నాయిరా అంటే నాలుగేళ్ల బాబు పొడుగుదాన్ని చూపించి "గిండ్లనే శానున్నయ్" అన్నాడు. ఎందుకంటే, "పైకెక్కినయ్ గద!" మా విద్యార్థిని ఒకమ్మాయి ఊరుకోలేక "కాదు నాన్నా, రెండూ సమానం, అను" అంది. వాడు బుద్ధిగా "సమానం" అన్నాడు. సరే, ఏది తాగుతావంటే మళ్లీ పొడుగు గ్లాసే అందుకున్నాడు! మర్నాడు ఆ అమ్మాయే అడిగింది: "మేడం, మనం పిల్లలతో అనిపించేవన్నీ ఇంతేనా?" ఏడాదంతా బోర్డు మీద రాసినా నా క్లాసులో ఆ ప్రశ్న పుట్టలేదు.

ఇక డిగ్రీల చిక్కు. మన దగ్గర శిశువిద్యకు పుట్టిళ్లు రెండు: ఎడ్యుకేషన్ ఒకటి, హోమ్ సైన్స్‌లోని మానవాభివృద్ధి విభాగం ఇంకొకటి. లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో కూడా ఇవి వేర్వేరు సబ్జెక్టులే. మీది ఎం.ఎడ్. కాబట్టి ఎడ్యుకేషన్ రాయండి. పీజీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకైతే 50. నెట్ లాంటివే మన రాష్ట్రాలు పెట్టే సెట్ పరీక్షలూ వదలొద్దు. నా స్నేహితురాలు చైల్డ్ డెవలప్‌మెంట్‌లో ఎం.ఎస్సీ., పిల్లల గురించి నాకంటే ఎంతో తెలిసిన మనిషి. "మీకు ఎం.ఎడ్. లేదు" అని ఇంటర్వ్యూలో తిప్పి పంపారు. అందుకే ఎక్కడ దరఖాస్తు పెట్టినా ముందు నోటిఫికేషన్‌లో అర్హతలు చదవండి.

అవకాశాలున్నాయా అంటే, ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా తీసుకుంది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం కూడా వచ్చింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని ఆ విధానంలోనే రాశారు. మరి చెప్పేదెవరు? నేను చూసిన కాలేజీల్లో మూడేళ్ల పిల్లల పక్కన చాప మీద కూర్చున్న లెక్చరర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చదువంటే ఒకటో తరగతి నుంచే మొదలైనట్టు పాఠం చెప్పడం ఇంకా పోలేదు.

పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు. అంశం కోసం లైబ్రరీకి పరిగెత్తే ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, పిల్లలు అన్న మాటలు అన్నట్టే, వాళ్ల యాసలోనే, తేదీ వేసి రాయండి. "సమానం" అని దిద్ది రాయకండి. నా థీసిస్‌లో పనికొచ్చిందల్లా అలాంటి నోట్‌బుక్ నుంచి వచ్చిందే, మా గైడ్ గారు "స్టాటిస్టిక్స్ ఏవమ్మా?" అని చివరిదాకా గొణిగినా.

జీతం విషయం దాచను. యూకేజీలో వచ్చేదానికంటే మూడు వేలు తక్కువకు కాలేజీలో చేరాను. వేసవిలో రెండు నెలలు అదీ ఇవ్వలేదు, అడిగితే "క్లాసుల్లేవు కదా" అన్నారు. మీరు చేరేముందు ఆ రెండు నెలల సంగతి ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి.