రొమ్ము క్యాన్సర్ తర్వాత చెయ్యి వాచింది. లింఫ్ నాళాల ఆపరేషన్ చేయిస్తే స్లీవ్ మానేయవచ్చా?

మీ అక్కగారికి రొమ్ము ఆపరేషన్, రేడియేషన్ అయి మూడేళ్లయిందనీ, ఏడాదిగా కుడి చెయ్యి వాచి ఉంటోందనీ రాశారు. చెన్నైలో ఒక డాక్టరు లింఫ్ నాళాన్ని సిరతో కలిపే ఆపరేషన్ చేస్తానన్నారనీ, అది అయితే స్లీవ్, అదే వాపును నొక్కి పట్టే బిగుతు చేతి తొడుగు, వేసుకునే బాధ తప్పుతుందా అనీ అడిగారు. స్లీవ్ మానేయవచ్చనుకుని మాత్రం వెళ్లకండి. నేను ఆ ఆపరేషన్ చేయించుకున్నదాన్నే. ఈ జవాబు కూడా స్లీవ్ వేసుకునే టైపు చేస్తున్నా. అయినా చేయించుకున్నందుకు నాకు విచారం లేదు.

మాది కావలి. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 2017లో ఎడమ రొమ్ము తీసేశారు, దాంతోపాటు చంకలో బిళ్లలూ, అంటే లింఫ్ గ్రంథులు, తీశారు. రిపోర్టులో పద్దెనిమిది బిళ్లలని ఉంది. తర్వాత రేడియేషన్. 2019 సంక్రాంతికి కుట్టుకున్న జాకెట్టు ఉగాదికి ఎడమ చేతికి బిగువైంది. కుట్లు విప్పి రొంత లూజు చేశా. మళ్లీ బిగువైంది, మళ్లీ విప్పా. ఒళ్లు చేశాననుకున్నా గానీ, కుడి చేతికి ఏ బిగువూ లేదే అన్న సంగతి మూడో నెలకు గాని తట్టలేదు. వీధిలో అందరి కొలతలూ తీసేదాన్ని, నా చేతికి టేపు పెట్టి చూసుకోలేదు.

పక్కింటామె చూసి "ఏందిమే, బోదకాలు చేతికొచ్చిందా?" అంది. మన కోస్తాలో బోదకాలు చూడని వాళ్లెవరు? దోమ కుట్టి పురుగు ఒంట్లో చేరితే వచ్చే జబ్బు అది, నాది వేరు. అప్పుడు ఏడ్చాను కానీ, తర్వాత తెలిసిందేమంటే ఆమె మాట మరీ తప్పేం కాదు. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే పెద్ద సర్జను, రొమ్ముతో పాటు చంకంతా శుభ్రం చేసే ఆపరేషన్‌కు పేరుపడ్డాయన, 1921లో ఈ చేతి వాపుకు పెట్టిన పేరుకు అర్థం 'ఆపరేషన్ వల్ల వచ్చే బోద' అనే. పురుగు వల్ల పాడయినా కత్తి వల్ల తెగినా, పాడయ్యేది ఆ లింఫ్ నాళాలే.

ఆ నాళాల సంగతి మన చేలల్లో పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. పెన్నా డెల్టాలో చేనుకు నీళ్లు తెచ్చే కాలువ ఒకటి, మురుగు తీసుకుపోయే కాలువ ఒకటి. గుండె నుంచి వచ్చే రక్తనాళాల్లోంచి కొంత నీరు, దాంతో కొంత ప్రొటీను కండలోకి ఊరుతూనే ఉంటాయి. అలా ఊరినదాన్ని వెనక్కి చేర్చేవి లింఫ్ నాళాలు. బడి పుస్తకాల్లో శోషరసం అని చదువుకున్నామే, అదే. వీటికి గుండె లాంటి పంపు లేదు. నాళం తనకు తనే ముడుచుకోవాలి, పక్కన కండ కదిలి నొక్కాలి, వెనక్కి పోకుండా లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. చేతిలో నాళాలు ఎక్కువగా చంకలోని బిళ్లల గుండా పోతాయి. బిళ్లలు తీసేసి, పైన రేడియేషన్ ఇచ్చి ఆ చోటు గట్టిపడితే, మురుగు కాలువకు అడ్డకట్ట వేసినట్టే. ఎడమ చేతి నీరు పెద్ద నాళంలో కలిసి ఎడమవైపు మెడ కింద సిరలో పడుతుంది, కుడి చేతిది విడిగా కుడివైపు పడుతుంది. కాబట్టి మీ అక్కగారికి కుడి చెయ్యి కదా అని వేరే వైద్యమేం ఉండదు, చంక దగ్గర తెగడం రెండింటికీ ఒకటే.

మొదట ఇక్కడ ఒక డాక్టరు నీరు పోయే మాత్రలు రాశారు. రాత్రంతా బాత్రూముకు తిరగడమే మిగిలింది. ఆ మాత్ర నీటిని లాగుతుంది, ప్రొటీనును లాగదు. నిలిచిన నీళ్లు ఇంకిపోయి మడ్డి మిగిలినట్టు అది అక్కడే ఉండి మళ్లీ నీటిని పట్టుకుంటుంది. నెలలూ ఏళ్లూ అలాగే ఉంటే చర్మం కింద గట్టిపడి కొవ్వు పేరుకుంటుంది. ఇంకొకరు చెప్పారని వేడి నూనెతో గట్టిగా మర్దన చేయించుకుని ఇంకా వాపు తెచ్చుకున్నా. అసలు లింఫ్ మసాజ్ అంటే చర్మం మీద చెయ్యి జరిపినంత మెత్తగా ఉంటుంది, మొదట చూసి దీనికి డబ్బులెందుకు అనుకున్నా కూడా.

బరువు కంటే నన్ను భయపెట్టింది జ్వరం. ఒకరోజు సూది వేలికి గుచ్చుకుంది, టైలర్‌కి అదేం పెద్ద విషయం. ఆ రాత్రి వణుకుతో జ్వరం, తెల్లారేసరికి మోచేతి దాకా ఎర్రగా, పొయ్యి మీద పెట్టినట్టు వేడి. నెల్లూరులో నాలుగు రోజులు యాంటీబయాటిక్ సెలైన్లు ఎక్కించారు. మురుగు నిలిచిన చోట చిన్న గాటు చాలు, లోపల ఇన్ఫెక్షన్ పాకిపోవడానికి. ఏడాదిన్నరలో అలా మూడుసార్లు. ప్రతిసారీ జ్వరం తగ్గాక చెయ్యి ముందున్న కొలతకు రాలేదు, ఇంకొంచెం పెరిగే ఉండేది. మీ అక్కగారికి చెయ్యి ఎర్రబడి చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మూడో జ్వరం తర్వాత చెన్నై వెళ్లా. ఆ సర్జను ఆపరేషన్ మాటే ఎత్తకుండా, ముందు ఆరు వారాలు కట్టు కట్టించుకుని రమ్మని పంపేశారు. పినాకిని రైల్లో తిరిగొస్తూ దారంతా తిట్టుకున్నా. ఇప్పుడు తలచుకుంటే ఫలితంలో సగం ఆ ఆరు వారాలదే. ఆ కట్టు మనం చూసే సాగే క్రేప్ బ్యాండేజీ కాదు. పెద్దగా సాగని గుడ్డ, కింద దూది పొరలు, వేళ్ల నుంచి చంక దాకా. దాంతోనే పని చేస్తే కండ కదిలినప్పుడల్లా నీరు పైకి పోతుంది. నెల్లూరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు మొదటి రెండు వారాలు రోజూ బస్సులో పోయి వచ్చా, తర్వాత మా అమ్మాయి నేర్చుకుని కట్టింది. టేపు వెనక్కి తిప్పితే సెంటీమీటర్లుంటాయి కదా, పాతికేళ్ల కుట్టుపనిలో ఆ వైపు పని పడింది అప్పుడే. మోచేతి కింద రెండు చేతులకూ తేడా అయిదు సెంటీమీటర్ల నుంచి మూడుకు వచ్చింది.

తర్వాత ఆకుపచ్చ మందు పరీక్ష చేశారు, ఐసీజీ అంటారు. వేళ్ల సందుల్లో చిన్న సూదులు వేసి, కంటికి కనపడని వెలుతురును పట్టే కెమెరాతో చూస్తారు. మంచి నాళాలుంటే గీతల్లా మెరుస్తాయి, పాడైన చోట మందు చర్మంలోకి వెనక్కి తన్ని పొగమంచులా కనిపిస్తుంది. నాకు మణికట్టు నుంచి మోచేతి దాకా మూడు గీతలు, ఆ పైన అంతా పొగమంచే. "గీతలున్నాయి కాబట్టి కలపొచ్చు" అన్నారు. మీరు డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పరీక్షలో గీతలు కనిపిస్తున్నాయా? ఆ పరీక్ష చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తే నేనైతే ఇంకో చోట అడుగుతా.

ఆపరేషన్ 2021లో జరిగింది. రెండు మూడు సెంటీమీటర్ల గాట్లు మూడు పెట్టారు. ఒక్కో గాటులో ఒక లింఫ్ నాళాన్ని పక్కనే ఉన్న సన్న సిరతో కలిపారు. మెడ దాకా పోలేని నీరు దగ్గర్లోనే రక్తంలో కలవడానికి అడ్డదారి అన్నమాట. ఆ నాళాలు మిల్లీమీటరు కూడా ఉండవు. జపాన్ సర్జను కొషిమా వాళ్లు 2000 ప్రాంతంలో 0.8 మిల్లీమీటర్ల లోపు నాళాలను కుట్టే పద్ధతిని దీనికి వాడి చూపించాకే ఇది ఊపందుకుంది. కుట్టే దారం వెంట్రుక కంటే ఎంతో సన్నం. మర్నాడు సర్జను వస్తే నొప్పి సంగతి వదిలేసి ముందు ఆ సూది ఎట్లా ఉంటుందని అడిగా. నవ్వి ఫోనులో ఫొటో చూపించారు. సూదే కనపడలేదు, ఇక దారం ఎక్కడ! అరవై నంబరు దారంతో పికో చేసి చెయ్యి తిరిగినదాన్నని అనుకునేదాన్ని.

రెండు రాత్రులుండి ఇంటికొచ్చేశా. ఏడాదికి తేడా ఒకటిన్నర సెంటీమీటరుకు దిగి అక్కడే ఆగింది. పూర్తిగా సమానం కాలేదు, కాదు కూడా. కానీ చెయ్యి మెత్తబడింది, సాయంత్రానికి వచ్చే లాగుడు తగ్గింది, ముఖ్యంగా ఆ జ్వరం ఇన్నేళ్లలో ఒక్కసారే వచ్చింది, అదీ మాత్రలతో పోయింది. నేను ఆపరేషన్ మంచిదే అనడం ఈ జ్వరం లెక్క చూసుకునే. చెయ్యి సన్నబడాలని మాత్రమే అయితే, కట్టూ స్లీవూ ఒక ఆరు నెలలు గట్టిగా చూసి అప్పుడు ఆలోచించమంటా. అందరికీ నాలాగే తగ్గుతుందనీ చెప్పను.

మీ అక్కగారి చెయ్యి బొటనవేలితో నొక్కి చూడండి. గుంట పడి నెమ్మదిగా నిండితే ఇంకా నీరే ఎక్కువ, ఈ ఆపరేషన్‌కు అది అనుకూలం. రాయిలా గట్టిగా ఉండి గుంటే పడకపోతే లోపల కొవ్వు పేరుకుని ఉండొచ్చు. అప్పుడు కలపడానికి నాళాలు మిగలకపోవచ్చు. వేరే చోట నుంచి, గజ్జలోంచో మెడలోంచో పొట్టలోని కొవ్వు పొరలోంచో, రక్తనాళాలతో సహా బిళ్లలు తెచ్చి చంకలో పెట్టే పద్ధతి ఉంది. అది పెద్ద ఆపరేషన్, ఫలితానికి ఏడాది పైనే పడుతుంది, తీసిన చోట వాపు వచ్చే ప్రమాదమూ ఉంది. గజ్జలోంచి తీస్తామంటే కాలి సంగతి తప్పకుండా అడగండి. పేరుకున్న కొవ్వును లైపోసక్షన్‌తో లాగడం కూడా చేస్తారు, కానీ దాని తర్వాత స్లీవ్ జీవితాంతం, రాత్రీ పగలూ.

వీటన్నిటికంటే ముందు ఇంకోటి. ఆపరేషన్ అయిన రెండేళ్ల తర్వాత కొత్తగా వాపు మొదలైందంటున్నారు కాబట్టి, చంకలో క్యాన్సర్ తిరగబెట్టలేదనీ, సిరలో రక్తం గడ్డకట్టలేదనీ స్కానింగులో తేల్చుకోవాలి. క్యాన్సర్ డాక్టరు సరే అనకుండా నాళాల సర్జను దగ్గరికి పోవద్దు.

ఇది చదివేవాళ్లలో ఇంకా రొమ్ము ఆపరేషన్ కానివాళ్లుంటే, రంగు మందు వేసి, రొమ్ము నుంచి నీరు మొదట చేరే ఒకటి రెండు బిళ్లలే తీసి పరీక్షించే పద్ధతి తమకు కుదురుతుందా అని అడగండి. 1990ల నుంచి వాడుతున్నదే. చంకంతా తీస్తే అయిదుగురిలో ఒకరికి దాకా చెయ్యి వాస్తుంది, ఇలా తీస్తే ఇరవైమందిలో ఒకరికి అటూ ఇటూ. అందరికీ కుదరదు, నాకు కుదరలేదు. చంకంతా తీయక తప్పకపోతే అదే ఆపరేషన్లో నాళాలను సిరకు కలిపేయడం కూడా కొన్ని చోట్ల చేస్తున్నారు.

స్లీవ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఆరు నెలలకొకటి మార్చాలి, సాగిపోయింది వేసుకుంటే వేసుకోనట్టే. మన ఎండాకాలంలో మధ్యాహ్నం అది నరకం, నేను తెల్లవారుజామునే మిషను ఎక్కి పదకొండుకు దిగిపోతా. పనీ మానలేదు, బరువులూ పూర్తిగా మానలేదు. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఏమీ కాదని ఫిజియోథెరపిస్టే చెప్పింది, పిలకాయల్ని ఎత్తుకోవద్దని చెప్పిన చుట్టాల మాట వినలేదు.

చెన్నై వెళ్లేలోపు ఒక నోటు పుస్తకం పెట్టండి. మణికట్టు దగ్గర, అక్కడి నుంచి పది సెంటీమీటర్లకొకసారి చంక దాకా రెండు చేతులూ కొలవండి. పొద్దున లేవగానే, ఎప్పుడూ ఒకే వేళకు. సాయంత్రం కొలిస్తే ఎక్కువ వచ్చి కంగారు పడతారు. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు, జాకెట్టుకు కొలిచినట్టే.