మూన్‌ఫ్లవర్ తీగను అప్పుడే పీకేయకు

చిరంజీవి రమణికి,

పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం అందింది. తీగ పందిరంతా కమ్మేసిందనీ, ఒక్క మొగ్గైనా లేదనీ, పీకేసి ఇంకేదైనా వేస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చేయకు. దానికి జబ్బేమీ లేదు, ఇంకా వేళ రాలేదంతే.

ఇది ఉమ్మెత్తేమోనన్న నీ అనుమానం ముందు తీరుస్తాను. ఉమ్మెత్తను కూడా కొందరు మూన్‌ఫ్లవర్ అంటారు, అది నిలువెల్లా విషం. నీది అది కాదు. గుండె ఆకారపు ఆకులు, తుంచితే పాలు, ముదురు కాండం మీద మెత్తటి ముళ్ళలాంటి బుడిపెలు అన్నావు కదా, ఇవన్నీ ఇపోమియా ఆల్బా గుర్తులే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరది. పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం. చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం దీని చుట్టాలు. చంద్రకాంతకూ దీనికీ ఏ బంధుత్వమూ లేదు, అదీ సాయంత్రమే పూస్తుందన్న మాటే గానీ.

ఇక పూల సంగతి. పగళ్ళు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ ఈ తీగ ఆకులే పెంచుకుంటుంది. పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో మొగ్గ తొడుగుతుంది. దీని దగ్గర చుట్టం ఇపోమియా నిల్ అయితే మరీ చిత్రం, మొలకగా ఉన్నప్పుడే ఒక్క పొడవాటి రాత్రి గడిస్తే చాలు, పూతకు సిద్ధపడుతుంది. అందుకని పందిరి మీద తెల్లవార్లూ వెలిగే ఆ దీపం ఆర్పేయి. ఎరువు కూడా ఆపు. నత్రజని ఎక్కువైతే ఆకే ఆకు. నేనూ ఒక ఏడు పేడ ఎరువు దండిగా వేసి, పందిరి నిండా పచ్చదనం తప్ప పువ్వు చూడలేదు. నీళ్ళు మాత్రం తగ్గించకు.

జారిపోతున్న కొమ్మల్ని చుట్టబెడుతున్నానన్నావు. ఎటు చుడుతున్నావు? దీనికి నులితీగలుండవు, కాండమే మెలికలు తిరిగి ఎక్కుతుంది. పైనుంచి చూస్తే గడియారం ముళ్ళకు ఎదురుగా తిరగాలి. అటువైపు చుట్టావంటే పట్టుకుంటుంది, ఇటు చుట్టావంటే మళ్ళీ ఊడదీసుకుంటుంది. లావు గుంజ కంటే సన్నటి తాడే దానికి నచ్చుతుంది.

మొగ్గ వచ్చాక ముడిచిన గొడుగులా మెలిపెట్టుకుని ఉంటుంది. ఉబ్బినట్టు కనిపించిన సాయంత్రం వేరే పని పెట్టుకోకు. చీకటి పడే వేళకు సన్నగా వణికి, కళ్ళెదుటే మెలిక విప్పుకుంటుంది. సన్నటి పొడవాటి గొట్టం చివర తెల్లటి పళ్ళెం, అరచేతంత వెడల్పు, మధ్యలో లేతాకుపచ్చ చారలతో అయిదు మూలల చుక్క. తేనె గొట్టం అడుగున ఉంటుంది, తుమ్మెదకు అందదు. పొడవాటి నాలుక ఉన్న హాక్‌మాత్ చిమ్మటలు గాల్లో నిలబడి తాగుతాయి. చీకట్లో వాటికి దారి చూపేవి ఆ తెలుపూ ఆ వాసనే. ఎండ ఎక్కేసరికి పువ్వు వాడిపోతుంది. తెంపి గిన్నెలో పెట్టుకుందామనుకుంటే నిరాశే.

అన్నట్టు, తుంచితే కారే ఆ రసాన్ని చిన్నచూపు చూడకు. మెక్సికోలోని ఎల్ మనాటీలో క్రీ.పూ. 1600 నాటి రబ్బరు బంతులు దొరికాయి. ఆ ప్రాంతం వాళ్ళు కాస్టిల్లా చెట్టు పాలలో ఈ తీగ రసం కలిపి సాగే రబ్బరు చేసేవాళ్ళు.

వచ్చే ఏడు గింజలు వేసేటప్పుడు పెంకు మీద గరుకు కాగితంతో ఒకచోట రుద్దు. మచ్చ ఉన్న వైపు వద్దు. రాత్రంతా నానబెట్టు, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దు. నేలలోనే నాటు, వేరు కదిలిస్తే అలుగుతుంది. మొదటి రెండాకులు చీలి ఉంటాయి, పురుగు కొరికిందనుకునేవు.

కాయలు రాలనివ్వకు, ఎండగానే కోసెయ్యి. ఆస్ట్రేలియాలో ఇది తోటల్లోంచి తప్పించుకుపోయి కలుపుగా మారింది. గింజలు పిల్లల నోటికి అందకుండా ఉంచు. అందులో నాలుగు నాకు పంపు, నా దగ్గరున్నవి పాతబడిపోయాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ