వార్త కింద ఉన్న కాగితం వెతుకు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. టెక్నాలజీ గురించి రాద్దామని కూర్చుంటే, ఏ సైట్ తెరిచినా ఏ కంపెనీ ఎవర్ని కొన్నది, ఏ సీఈఓ ఎవర్ని ఏమన్నాడు, ఏ ఫోన్ ‘గేమ్ ఛేంజర్’ అన్న గోలే కనిపిస్తోందన్నావు. ఈ గోల లేని సైట్ ఒక్కటి చెప్పమన్నావు. కొన్ని ఉన్నాయి, చెప్తాను. కానీ సైట్ మార్చినంత మాత్రాన నీ కష్టం తీరదు. దాదాపు ప్రతి టెక్ వార్త కిందా పని చేసేవాళ్లు రాసిన కాగితం ఒకటుంటుంది. కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే రిలీజ్ నోట్స్ కావచ్చు, ఫలానా చోట తప్పుందని చెప్పే బగ్ రిపోర్ట్ కావచ్చు, పరిశోధన పత్రం కావచ్చు. అక్కడిదాకా వెళ్లి చదవడం అలవాటు చేసుకో. సగం హైప్ అక్కడే రాలిపోతుంది.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ పంపిన మెయిల్ ఒకటి నెట్‌లో ఉంది. ఈ రాత్రికే చదువు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే మెషీన్లలో, ఫైళ్లని కుదించడానికి విరివిగా వాడే ఎక్స్‌జెడ్ అనే టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారని లోకానికి తెలిసింది ఆ మెయిల్‌తోనే. తర్వాత చాలా వార్తలు గూఢచారి కథల్లోకి వెళ్లిపోయాయి. ఆ దొంగదారి పెట్టిన జియా టాన్ అన్న పేరు వెనక ఎవరున్నారు, ఏ దేశం పంపింది అని ఒకటే ఊహాగానాలు. మెయిల్‌లో అవేవీ లేవు. దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి మునుపు 0.299 సెకన్లు పట్టేది, ఇప్పుడు 0.807 పడుతోందన్న లెక్క ఉంది. ఆ అర సెకను ఎక్కడికి పోతోందా అని తవ్వుకుంటూ వెళ్లిన తీరు ఉంది. జనానికి ఇచ్చిన రిలీజ్ ఫైల్‌లో ఉన్న ఒక లైను అసలు కోడ్ పెట్టే సోర్స్ కోడ్ రిపాజిటరీలో లేదని చూపించాడు. తాను సెక్యూరిటీ పరిశోధకుణ్ని కాననీ, తాను ఇంకా విడదీసి చూడనిది చాలా ఉందనీ అందులోనే రాసుకున్నాడు. తెలిసిందెంతో తెలియనిదెంతో ఇంత స్పష్టంగా చెప్పే వాక్యం ఏ ప్రెస్‌నోట్‌లోనైనా దొరికితే నాకు పంపు.

క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ సంగతీ అంతే. 2024 జులై 19న అది పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. షేరు ఎంత పడింది, సీఈఓ ఎలా క్షమాపణ చెప్పాడు అని అందరూ రాశారు. అసలు కారణం ఆగస్టు 6న వచ్చిన నివేదికలో ఉంది. ఒకచోట 21 విలువలు వస్తాయని రాసుకున్నారు, ప్రోగ్రామ్ ఇచ్చేది 20. పరీక్షల్లో ఆ 21వ దాని దగ్గర ‘ఏదున్నా సరే’ అన్న గుర్తు పెట్టడంతో తేడా బయటపడలేదు. నివేదిక వచ్చేసరికి చాలామంది వేరే కథల మీదికి వెళ్లిపోయారు. నీలాంటి కొత్తవాడికి చోటు దొరికేది సరిగ్గా అక్కడే. ఒకటి గుర్తుంచుకో, అది కంపెనీ తన గురించి తాను రాసుకున్నది. వాళ్లు ఏం చెప్పలేదో కూడా చూస్తూ చదవాలి.

ఇక నువ్వడిగిన సైట్లు. ఎల్‌డబ్ల్యూఎన్‌తో మొదలుపెట్టు. 1998 నుంచి లైనక్స్ గురించి రాస్తోంది. 2002లో డబ్బుల్లేక మూతపడబోయి పాఠకుల చందాలతో నిలబడింది. కొత్త వ్యాసాలు మొదట చందాదారులకి, కొన్నాళ్లకి అందరికీ. పాఠకుడే డబ్బిస్తున్నాడు కాబట్టి క్లిక్కుల కోసం అరవాల్సిన అవసరం దానికి లేదు. ఏ సైట్ తెరిచినా దీనికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందన్నది ముందు చూడు, తీరు అర్థమైపోతుంది. పీటర్ న్యూమన్ 1985లో మొదలుపెట్టిన రిస్క్స్ డైజెస్ట్ చూడ్డానికి పాత టైపు కాగితంలా ఉంటుంది. కంప్యూటర్లు ఎలా చెడతాయో, జనం మీద ఆ దెబ్బ ఎలా పడుతుందో దశాబ్దాల తరబడి పేర్చిన చోటు అది. గణితం, కంప్యూటర్ సైన్స్‌లకి క్వాంటా పత్రిక చూడు, దాని ఖర్చు ఒక ఫౌండేషన్ భరిస్తుంది. అమెరికా స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ గురించి రాయాల్సొస్తే ఏటా ప్రభుత్వానికిచ్చే 10-కె పత్రంలో రిస్కుల భాగం తప్పకుండా చదువు. స్టేజి మీద ప్రపంచాన్ని మార్చేస్తామన్నవాళ్లే, ఇది సరిగా పనిచేయకపోవచ్చు, జనం కొనకపోవచ్చు అని అక్కడ పేజీలకి పేజీలు రాస్తారు. చట్టం రాయమంటుంది మరి!

పరిశోధన పత్రం అనగానే కళ్లకద్దుకోకు. 2023 జులైలో ఎల్‌కె-99 అనే పదార్థం మామూలు ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్, అంటే కరెంటుకి ఏ అడ్డూ పెట్టనిది అంటూ, పరిశోధకులు పత్రాలు పెట్టే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో పత్రాలు పడ్డాయి. ఆర్కైవ్‌లో పెట్టడానికి నిపుణుల సమీక్ష అక్కర్లేదు. ఆగస్టు మధ్యకల్లా వేరే ల్యాబులు తేల్చేశాయి. ఆ లక్షణాలకి కారణం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ అన్నారు, శుద్ధంగా చేసి చూస్తే కరెంటే పారలేదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టినవాళ్లు సరైన వ్యాసం రాశారు. మొదటి రోజే రాయకపోతే వెనకబడిపోతానని నీకు టెన్షన్. నీకు ఎడిటర్ లేడు, గడువు లేదు, ఎవరితోనయ్యా పోటీ?

అలాగని కంపెనీ వార్తలన్నీ చెత్తని పక్కన పడేయకు. 2023 ఆగస్టులో హాషికార్ప్ సంస్థ, సర్వర్లని కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫార్మ్ అనే తన టూల్ లైసెన్స్ మార్చి, వాడుకునే షరతులు బిగించింది. అది బోర్డు రూములో తీసుకున్న నిర్ణయమే. కానీ దాన్ని వాడుతున్న ఇంజినీర్లు ఉంటారా పోతారా తేల్చుకోవాల్సి వచ్చింది, పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు అనే వేరు శాఖ పుట్టింది. మరుసటి ఏడు రెడిస్ అనే డేటాబేస్ విషయంలోనూ అదే జరిగి వాల్కీ అనే శాఖ వచ్చింది. రేపు పనికి కూర్చునేవాడికి దీనివల్ల ఏమైనా మారుతుందా అని అడుగు. మారితే రాయి. ఒక కంపెనీ సీఈఓని తీసేసి ఐదు రోజుల్లో మళ్లీ తెచ్చుకుందనుకో, అది చూసి ఆనందించు, నీ వారం మొత్తం దానికివ్వకు.

ఇవన్నీ రోజూ తెరిచి చూడక్కర్లేదు. సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చూపించే ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ ఒకటి పెట్టుకో. పాతకాలపుదని నవ్వుతారేమో కానీ, నువ్వు ఎంచుకున్నవే వస్తాయి, వచ్చిన వరసలోనే వస్తాయి. నాలుగైదు ఫీడ్లు చాలు.

ఇక నువ్వు పంపిన చిప్ వ్యాసం. ‘రెండింతల వరకు వేగం’ అని రాశావు. ఆ ‘వరకు’ ప్రెస్‌నోట్‌లోది, నీది కాదు. దేనితో పోల్చారు, ఏ పని మీద కొలిచారు, కొలిచింది ఎవరు? ఈ మూడూ కనుక్కుని రెండో పేరా మళ్లీ రాసి పంపు. దొరక్కపోతే దొరకలేదని వ్యాసంలోనే రాసేయ్.

ఉంటాను,
అన్నయ్య