అతిమధురం కషాయం తాగాక బీపీ పెరిగింది, పాదాలు వాచాయి: సమాధానం

అనుమానం ఆ కషాయం మీదే. దగ్గుకని మూడు వారాలుగా రెండు పూటలా తాగుతున్నానన్నారు కదా. అతిమధురం వేరులో ఉండే గ్లైసిరైజిన్ వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. గొంతుకు హాయిగా ఉంటుంది కాబట్టి బీపీ దాకా ఎవరి ఆలోచనా పోదు.

1. కషాయం ఈరోజే ఆపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఇంట్లో ఉన్న దగ్గు సిరప్, గొంతు బిళ్ళలు, మూలికల టీ పొడి, అన్నిటి లేబుళ్ళూ తిప్పి చూడండి. యష్టిమధు, ములేఠీ, గ్లైసిరైజా గ్లాబ్రా... ఏ పేరున్నా అతిమధురమే. కషాయం మానేసి బిళ్ళ చప్పరిస్తుంటే మానినట్టు కాదు.

3. డాక్టరుకు మూలిక పేరు, ఎన్నాళ్ళు తాగారో చెప్పి పొటాషియం పరీక్ష చేయించుకోండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలో, గుండె జబ్బుకిచ్చే డిగాక్సిన్ మందో వాడుతుంటే అసలు ఆలస్యం వద్దు. గుండె దడ, కాళ్ళూచేతుల్లో బలహీనత ఉంటే నేరుగా ఆసుపత్రికే.

4. బీపీ మాత్ర డోసు సొంతంగా మార్చకండి. కషాయం ఆపిన మర్నాడే బీపీ దిగదు, కొన్ని వారాలు పట్టొచ్చు.