వ్యాసం, వ్యాసుడు, వ్యాసార్ధం

సందేహం: వృత్తానికి వ్యాసం ఉంటుంది, పత్రికలో వ్యాసం ఉంటుంది, మహాభారతం రాసింది వ్యాసుడు. వీటికి చుట్టరికం ఉందా? పనిలో పనిగా ఇంకొకటి. మా అబ్బాయి నోట్సులో ఒకచోట 'వ్యాసార్థం', ఇంకోచోట 'వ్యాసార్ధం' అని ఉంది. ఏది ఒప్పు?

సమాధానం: చుట్టరికం ఉంది, అదీ దగ్గరిదే. సంస్కృతంలో 'అస్' ధాతువుకు వేయడం, విసరడం అని అర్థం. దాని ముందు 'వి' చేరితే విడదీసి వేయడం, పరచడం. వేదాలను విడదీసి సర్దాడు కనుక కృష్ణద్వైపాయనుడికి వ్యాసుడనే పేరొచ్చిందని భారతమే చెబుతుంది. వృత్తం ఈ అంచు నుంచి కేంద్రం మీదుగా ఆ అంచు దాకా ఎంత మేర పరచుకుందో ఆ కొలత వ్యాసం. ఒక విషయాన్ని విప్పి, విస్తరించి రాసినా వ్యాసమే.

దీనికి ఎదురు మాట సమాసం, అంటే కలిపి వేయడం. తెలుగు క్లాసులో సమాసాలతో, లెక్కల క్లాసులో వ్యాసంతో కుస్తీ పట్టే పిల్లలకు అవి రెండూ తోబుట్టువులని ఎవరూ చెప్పరు! అభ్యాసం, విన్యాసం, సన్న్యాసం, ఉపన్యాసం కూడా ఆ ఇంటివే. తమాషా ఏమిటంటే, వ్యాసం అనే పేరు స్థిరపడకముందు వీరేశలింగం తన వ్యాసాలను ఉపన్యాసాలనే అన్నారు. అంతకుముందు 1862లో అచ్చయిన 'హితసూచని'లో ముద్దునరసింహం నాయుడు వాడిన మాట 'ప్రమేయం'.

లెక్కల్లోనూ వ్యాసానికి పోటీ లేకపోలేదు. 499 నాటి ఆర్యభటుడు 'విష్కంభం' అన్నాడు. 20,000 విష్కంభం గల వృత్తానికి పరిధి సుమారు 62,832 అని ఆయన లెక్క. 1150 నాటి 'లీలావతి'లో భాస్కరాచార్యుడు మాత్రం వ్యాసమనే అన్నాడు. వ్యాసాన్ని 3,927తో గుణించి 1,250తో భాగిస్తే పరిధి వస్తుందన్నాడు. ఆర్యభటుడి అంకెలు రెంటినీ 16తో కొట్టేసి చూడండి, ఇవే వస్తాయి. మాట మారింది కానీ లెక్క మారలేదు.

ఇక మీ అబ్బాయి నోట్సు. వ్యాసంలో సగం కాబట్టి వ్యాస + అర్ధం = వ్యాసార్ధం, సవర్ణదీర్ఘ సంధి. అర్ధరాత్రిలో, అర్ధచంద్రుడిలో ఉన్న 'ధ' ఇక్కడా ఉండాలి. 'థ'కూ 'ధ'కూ రాతలో తేడా నడుమ ఉండే ఒక్క చుక్క. ఒత్తుగా కిందికి దిగేసరికి ఆ చుక్క అచ్చులో కనీకనిపించకుండా పోతుంది. అందుకే 'నాకు అర్ధం కాలేదు' అని రాసేవాళ్లు కోకొల్లలు. దాన్ని చదివితే నాకు సగం కాలేదనే వినిపిస్తుంది.

'వ్యాసార్థం' కూడా మాటే. కానీ దానికి 'వ్యాసం కోసం' అని అర్థం. సంపాదకుడు పంపే ఉత్తరంలో పనికొస్తుందేమో గానీ, వృత్తం గీయడానికి పనికిరాదు.