ఎఫ్‌వన్ ఉద్యోగం: అప్పుకంటే ముందు ఒక ల్యాప్ లెక్క

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ రెండో ఏడాది. ఫార్ములా వన్ టీమ్‌లో ఇంజినీర్ అవుతానంటాడు. 2026 నుంచి ఆ కార్లు సగం కరెంటు మీదే నడుస్తున్నాయట, మెకానికల్ తీసుకుని తప్పు చేశానేమోనని ఇప్పుడు దిగులు. బీటెక్ కాగానే 40 లక్షలు అప్పు చేసి ఇంగ్లండ్‌లో మోటార్‌స్పోర్ట్ ఎంఎస్‌కి పంపమంటున్నాడు. పంపొచ్చా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బ్రాంచి గురించి దిగులు అక్కర్లేదు. ఆగి ఆలోచించాల్సింది అప్పు గురించే.

మీవాడి భయం ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 2025 దాకా ఎఫ్‌వన్ కారులో చక్రాలను తిప్పే ఎలక్ట్రిక్ మోటారు 120 కిలోవాట్లది. ఇప్పుడది 350. ఇంజిన్ వాటా సుమారు 400 కిలోవాట్లకు తగ్గింది. టర్బో దగ్గర ఎగ్జాస్ట్ నుంచి కరెంటు తీసే రెండో మోటారును ఎత్తేశారు. బ్యాటరీకి మాత్రం నిండుకూ ఖాళీకీ మధ్య వాడుకోదగ్గ తేడా 4 మెగాజౌళ్లే. 350 కిలోవాట్లంటే సెకనుకు 0.35 మెగాజౌళ్లు. భాగించి చూడండి, 11 సెకన్ల పైచిలుకులో ఖాళీ. ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడో, మలుపు రాకముందే యాక్సిలరేటర్ వదిలేసో మళ్లీ నింపుకోవాలి. డ్రైవర్ల గొడవంతా దీని మీదే. నిబంధనలు ఇంకా కాగితం మీద ఉన్న 2023లోనే ఎఫ్‌వన్ డ్రైవర్ మ్యాక్స్ వెర్‌స్టాపెన్ వీటిని తప్పుపట్టాడు. అభిమానిగా ఎటువైపైనా వాదించుకోవచ్చు. ఉద్యోగం కోరేవాడు మాత్రం వినాల్సిన మాట ఒకటుంది: ట్రాక్ మీద ఏ చోట ఎంత కరెంటు ఖర్చుపెట్టాలో, ఎక్కడ దాచాలో లెక్క కట్టగలవాడికి విలువ పెరిగింది.

అలాగని మెకానికల్ పని పోలేదు. సిలిండర్‌లోకి వచ్చినది ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి గరిష్ఠ పరిమితిని 18 నుంచి 16కు తగ్గించారు. 2026 సీజన్ మొదట్లో కొలిచిందేమో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కాక లోహం వ్యాకోచించి ఆ నిష్పత్తి పెరిగేలా చేస్తున్నారని ఆ సీజన్ మొదలవకముందే పెద్ద రగడ. ఇది అచ్చంగా మెకానికల్ వాళ్ల పేచీయే.

ఇక చేయాల్సింది. కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ జట్టు (విద్యార్థులే రేసు కారు తయారుచేసి పోటీపడే జట్టు) ఉంటే ఎలక్ట్రిక్ కారు విభాగంలో చేరమనండి. మన దేశంలో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో చాలా కార్లు ట్రాక్ దాకా రాకుండా తనిఖీలోనే ఆగిపోతాయి. నీళ్లు చల్లి చేసే పరీక్షలో ఏ కనెక్టర్‌లోకో చెమ్మ దిగుతుంది, కరెంటు లీకును కనిపెట్టే ఇన్సులేషన్ మానిటర్ కారును ఆపేస్తుంది. తీగ కొసకు సరిగ్గా నొక్కి బిగించని (క్రింపింగ్ సరిగ్గా లేని) లగ్గు వదులై వేడెక్కుతుంది. సెల్ వోల్టేజీ కొలిచే తీగల్ని మోటారు తీగల పక్కనే లాగితే కొలతల్లో నాయిస్ ఎక్కి, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ అసలు లేని లోపాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. ఇంటర్వ్యూలో నిలబెట్టేవి ఇవే: ఏది ఎందుకు చెడింది, ఎలా కనిపెట్టాం, ఏం మార్చాం. ‘టీమ్ మెంబర్’ అన్న సర్టిఫికెట్‌ను ఎవరూ రెండోసారి చూడరు.

జట్టు లేకపోయినా ఆగనక్కర్లేదు. పైథాన్‌లో ఫాస్ట్ఎఫ్‌వన్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. అసలు రేసుల వేగం, స్థానం డేటా అందులో దొరుకుతుంది. ఒక ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు) తీసుకుని ట్రాక్ వంపులు లెక్కకట్టాలి. నిబంధనల్లోని 768 కిలోల కనీస కారు బరువు పెట్టి, గాలి నిరోధాన్ని అంచనా వేసి, 4 మెగాజౌళ్ల బ్యాటరీతో ఆ ల్యాప్‌ను కంప్యూటర్‌లో తిప్పాలి. 290 కిలోమీటర్ల వేగం దాటాక మోటారు శక్తి క్రమంగా తగ్గాలన్న నిబంధన కూడా చేర్చాలి. ఇక్కడ అందరూ ఒకే చోట తప్పుతారు: ఆ డేటా సెకనుకు నాలుగైదు పాయింట్లకు మించి ఉండదు, దాన్నుంచి నేరుగా త్వరణం తీస్తే పిచ్చి అంకెలొస్తాయి. ముందు స్మూతింగ్ చేయాలి, అంటే అంకెల్లోని ఎగుడుదిగుళ్లను సరిచేయాలి. రోజుకు గంట కూర్చుంటే మూడు నాలుగు నెలల పని.

ఇప్పుడు అప్పు. మీవాడి బీటెక్ 2028లో, ఎంఎస్ 2029లో ముగుస్తాయనుకుందాం. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు కాదు, 18 నెలలే. ఆ గడువులోగా స్కిల్డ్ వర్కర్ వీసా ఇప్పించే ఉద్యోగం దొరకాలి. దానికి మామూలు కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చేరేవారికి కొంత సడలింపు ఉంది. ఆ వీసా ఇప్పించే అనుమతి, అంటే స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితాను బ్రిటన్ ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో పెడుతుంది, దరఖాస్తుకు ముందే చూసుకోండి. ఇంకో చిక్కు: టీమ్‌లు ఏడాదిపాటు ఇచ్చే ప్లేస్‌మెంట్లు ఎక్కువగా అక్కడ డిగ్రీ మధ్యలో ఉన్నవాళ్లకే. ఏడాది ఎంఎస్‌లో వాటికి చోటుండదు. పైగా ఎఫ్‌వన్ జట్ల ఖర్చుకు పరిమితి ఉంది, ఇంజినీర్ల జీతాలు చాలావరకు అందులోకే వస్తాయి. అందుకే కొత్తవాళ్లను ఆచితూచి తీసుకుంటారు.

నా సలహా: బీటెక్ అయ్యాక రెండేళ్లు ఇక్కడే ఈవీ పవర్‌ట్రెయిన్‌ (ఎలక్ట్రిక్ బండిని నడిపే మోటారు, బ్యాటరీ వ్యవస్థ)లోనో, దాన్ని అదుపుచేసే కంట్రోల్స్‌లోనో పని చేయనివ్వండి. హైదరాబాద్‌లో జడ్‌ఎఫ్, హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి, బెంగళూరులో మెర్సిడెస్-బెంజ్ పరిశోధన కేంద్రం ఉంది. 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన పరుగెత్తిన ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ కూడా ఇదే విద్య కోరుతుంది, అందులో మహీంద్రా జట్టూ ఉంది. ఎంఎస్‌కు అప్పుడు వెళ్తే అప్పులో కొంత తన జీతమే కడుతుంది. మూడో ఏడాది చివరికి ఆ ల్యాప్ సిమ్యులేషన్ పూర్తి చేసి మీకు చూపించమనండి. సగంలో వదిలేస్తే బ్యాంకుకు వెళ్లకండి.